ఓటు వెయ్యనివాళ్ళకి ఏం చెప్పారు?

కొత్తగా గెలిచిన అధ్యక్షుడు దేశాన్ని ఉద్దేశించి మాట్లాడే మొదటి ప్రసంగంలో నేను ఒక్క ముక్క కోసం చెవులు రిక్కించి వింటాను. కుటుంబానికి థాంక్స్, కార్యకర్తలకి థాంక్స్, "ఈ విజయం మీది" అనే మాట, ఆ వెంటనే చప్పట్లు, ఇవన్నీ ఉంటాయి, ఉండాలి కూడా. నెలల తరబడి నిద్ర మానుకుని ఊరూరా తిరిగినవాళ్ళు ఆ రాత్రి కూడా సంతోషపడకపోతే ఇంకెప్పుడు పడతారు? కానీ నేను ఎదురుచూసేది ఆ మనిషికి ఓటు వెయ్యనివాళ్ళ ప్రస్తావన ఎప్పుడొస్తుందా అని. దాదాపు ప్రతి ప్రసంగంలోనూ వస్తుంది. అది ఎలా వచ్చిందన్నదాన్ని బట్టే ఆ ప్రసంగం మంచిదా కాదా అని నేను తేల్చుకుంటాను.

ఆ ముక్క రెండు రకాలుగా వస్తుంది. "ఎన్నికలు అయిపోయాయి, ఇక మనమంతా ఒక్కటవ్వాలి" అనేది ఒకటి. "మీరు నాకు ఓటు వెయ్యలేదు, నా మాట మీకు నచ్చకపోవచ్చు, ఇకముందు కూడా నచ్చకపోవచ్చు, అయినా నేను మీకూ జవాబుదారీనే" అనేది ఇంకొకటి. వినేటప్పుడు రెండూ పెద్దమనిషి మాటల్లాగే ఉంటాయి, చాలాసార్లు ఒకే ప్రసంగంలో పక్కపక్కనే ఉంటాయి. కానీ మొదటి మాట ఓడినవాళ్ళ మీద ఒక బాధ్యత పెడుతోంది: మీరు కలిసిరండి, గొడవ ఆపండి. రెండో మాట గెలిచినవాళ్ళ మీద పెడుతోంది. అధికారం చేతికొచ్చింది ఎవరికి? గెలిచినవాళ్ళకి. మరి బాధ్యత ఎవరి మీద పడాలి? అందుకే "ఐక్యత" అనే పిలుపు వినగానే జనం కళ్ళు చెమర్చినా నాకు మాత్రం ఏదో వెలితిగా ఉంటుంది, రెండో మాట వచ్చేదాకా అది తీరదు.

2008 నవంబర్ 4 రాత్రి షికాగో గ్రాంట్ పార్క్‌లో బరాక్ ఒబామా చేసిన ప్రసంగం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ రకం ప్రసంగాల్లో జనానికి బాగా గుర్తున్నది అదే, ఆ గుర్తుండటంలో అసలు ముక్క ఒకటి కనపడకుండా పోయింది. రెండు లక్షల మందికి పైగా జనం వచ్చారు. వేదికకి రెండు వైపులా బుల్లెట్ ప్రూఫ్ అద్దాలు. ఇదే పార్క్‌లో 1968లో డెమొక్రాటిక్ పార్టీ మహాసభల సమయంలో వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన కుర్రాళ్ళని పోలీసులు చావబాదారు. 2008కి వస్తే, సెప్టెంబర్‌లోనే లేమన్ బ్రదర్స్ అనే పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు కూలిపోయింది, బ్యాంకులు ఒకదాని వెనక ఒకటి వణుకుతున్నాయి, ఇరాక్‌లో, అఫ్గానిస్తాన్‌లో రెండు యుద్ధాలు నడుస్తున్నాయి. తనని పెంచిన అమ్మమ్మ సరిగ్గా ఎన్నికల ముందే పోయింది. అంత పెద్ద రాత్రి, అమెరికా చరిత్రలో మొదటి నల్లజాతి అధ్యక్షుడు, అయినా ఆయన గొంతులో పండగ కన్నా బరువే ఎక్కువ వినిపిస్తుంది. అట్లాంటాలో ఓటేసిన 106 ఏళ్ళ ఆన్ నిక్సన్ కూపర్ అనే పెద్దావిడ జీవితం చెప్తూ ఒక శతాబ్దపు చరిత్ర మొత్తం నడిపించిన భాగం ఎవరైనా చెప్పుకుంటారు. అది గొప్పగా రాసిన భాగమే.

నాకు మాత్రం దానికి ముందు వచ్చే నాలుగైదు వాక్యాలు ముఖ్యం. మీ ఓటు నేను ఈ రాత్రి గెలవలేకపోయి ఉండొచ్చు, కానీ మీ గొంతులు నాకు వినపడుతున్నాయి, మీ సాయం నాకు కావాలి, నేను మీకు కూడా అధ్యక్షుణ్ణే అన్నారు. అంతకుముందే ఇంకో మాట అన్నారు: మీ మాట వింటాను, ముఖ్యంగా మనకి అభిప్రాయాలు కలవనప్పుడు వింటాను అని. ఈ "కలవనప్పుడు" అనేదే నేను వెతికే మాట. ఆ రోజు ఆయన రిపబ్లికన్ ప్రత్యర్థి జాన్ మెకెయిన్‌కి ఓటేసినవాళ్ళు దాదాపు 6 కోట్ల మంది. తెల్లారేసరికి వాళ్ళంతా మనసు మార్చుకోరు. పన్నుల మీద, యుద్ధం మీద, గర్భస్రావం మీద వాళ్ళ అభిప్రాయాలు మంగళవారం ఏమిటో బుధవారం కూడా అవే. వాళ్ళ అభిప్రాయం అలాగే ఉంటుందని ఒప్పుకుని, అయినా వింటానని చెప్పడంలో వాళ్ళ పట్ల గౌరవం ఉంది. "ఒక్కటవుదాం" అన్నదాంట్లో ఆ గౌరవం తక్కువ.

ఆ రాత్రి ఇంకో ప్రసంగం జరిగింది, ఒబామా కన్నా ముందు, అరిజోనాలోని ఫీనిక్స్‌లో. మెకెయిన్ ఒబామాకి ఫోన్ చేసి అభినందించానని చెప్పగానే తన జనమే గట్టిగా అరిచారు, ఆయన చేతులు ఎత్తి ఆపారు. 1901లో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌ని వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిస్తే ఎంత రభస జరిగిందో గుర్తుచేసి, అక్కడి నుంచి ఈ రాత్రిదాకా దేశం ఎంత దూరం వచ్చిందో చూడండన్నారు. ఓడిన మనిషి, తన ఓటమి జరిగిన గంటలోనే, అవతలివాడి గెలుపులో దేశానికి ఏం దక్కిందో తన వాళ్ళకి వివరిస్తున్నాడు. ఇది మామూలు విషయం కాదు. దాంతోపాటు మెకెయిన్ అన్న ఇంకో మాట ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మా ఇద్దరి మధ్య తేడాలు వాదించుకున్నాం, ఆయన గెలిచారు, ఆ తేడాల్లో చాలావరకు ఇంకా అలాగే ఉన్నాయి అన్నారు. సాయం చేస్తానని మాటిచ్చారు, కానీ తేడాలు పోయాయని అబద్ధం చెప్పలేదు. ఆ రాత్రి ఆ రెండు ప్రసంగాలూ కలిపి వింటే, ఒకటి అడిగినదానికి ఇంకొకటి జవాబు ఇచ్చినట్టుగా ఉంటుంది.

అలా కలిపి వినాలన్నదే నేను చెప్పదలుచుకున్నదాంట్లో ఒక భాగం. విజయ ప్రసంగం ఒంటరిగా నిలబడేది కాదు. అమెరికాలో ఓడిన అభ్యర్థి గెలిచిన అభ్యర్థికి బహిరంగంగా శుభాకాంక్షలు చెప్పే ఆచారం 1896లో విలియం జెన్నింగ్స్ బ్రయన్ విలియం మెకిన్లీకి పంపిన టెలిగ్రామ్‌తో మొదలైందని చెప్తారు. ప్రజల ముందు మన విషయాలు పెట్టాం, వాళ్ళ ఇష్టమే చట్టం అని అందులో రాశాడు బ్రయన్. చట్టంలో ఎక్కడా ఈ టెలిగ్రామ్ పంపాలని లేదు, ఫోన్ చెయ్యాలని లేదు. రాజ్యాంగం దృష్టిలో అది అక్కర్లేదు. కానీ ఓడినవాళ్ళు ఆ మాట అనకపోతే గెలిచినవాళ్ళు ఎంత మంచిగా మాట్లాడినా గాల్లో కలిసిపోతుంది, అది 2020లో అందరం చూశాం. నవంబర్ 7 రాత్రి విల్మింగ్టన్‌లో, కరోనా రోజులు కాబట్టి కార్లలో వచ్చిన జనం ముందు నిలబడి జో బైడెన్ అన్న మాటలు నిజానికి చాలా మంచివి: ట్రంప్‌కి ఓటేసినవాళ్ళ నిరాశ నాకు అర్థమవుతుంది, నేనూ ఒకట్రెండు సార్లు ఓడినవాణ్ణే, ఒకరికొకరం ఒక అవకాశం ఇచ్చుకుందాం అన్నారు. అవతలి నుంచి జవాబు రాలేదు. ట్రంప్ ఓటమి ఒప్పుకోలేదు, 7 కోట్ల మందికి పైగా ఉన్న ఆయన ఓటర్లలో చాలామందికి ఆ ప్రసంగం ఒక దొంగ గెలుపుకి ముక్తాయింపులా వినిపించింది. రెండు నెలలు తిరక్కుండానే 2021 జనవరి 6న పార్లమెంటు భవనం మీద దాడి జరిగింది. బైడెన్ ప్రసంగంలో తప్పు వెతికి లాభం లేదు, అక్కడ లేనిది రెండో ప్రసంగం.

దీనికి పూర్తిగా ఎదురు నిలబడే ఉదాహరణ 2000 ఎన్నిక. నవంబర్ 7న పోలింగ్ అయింది, గెలుపుని తేల్చే ఫ్లోరిడా రాష్ట్రంలో బుష్‌కి ఆధిక్యం చివరికి 537 ఓట్లు, మధ్యలో రీకౌంటింగులు, కోర్టులు, డిసెంబర్ 12న సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో లెక్కింపు ఆగిపోయింది. దేశం మొత్తం మీద డెమొక్రాట్ అల్ గోర్‌కి రిపబ్లికన్ జార్జ్ బుష్ కన్నా 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చాయి. ఆ పరిస్థితిలో మర్నాడు గోర్ టీవీలో మాట్లాడారు. కోర్టు తీర్పుతో నేను గట్టిగా విభేదిస్తున్నాను, అయినా దాన్ని అంగీకరిస్తున్నాను అన్నారు. ఈ ఒక్క వాక్యం కోసం ఆ ప్రసంగాన్ని రాజనీతి చదివే ప్రతి పిల్లవాడికీ వినిపించాలని నాకనిపిస్తుంది, ఎందుకంటే విభేదించడం, అంగీకరించడం రెండూ ఒకేసారి చెయ్యొచ్చని, ఒకటి చెయ్యాలంటే ఇంకోటి వదులుకోనక్కర్లేదని అంత సూటిగా చెప్పినవాళ్ళు తక్కువ. మూడు వారాల తర్వాత, 2001 జనవరి 6న, ఉపాధ్యక్షుడి హోదాలో ఎలక్టోరల్ ఓట్ల (రాష్ట్రాలవారీగా వచ్చే, అధ్యక్షుణ్ణి అసలు తేల్చే ఓట్ల) లెక్కింపుకి అధ్యక్షత వహించిందీ ఆయనే. తన పార్టీ సభ్యులే ఫ్లోరిడా ఓట్ల మీద అభ్యంతరాలు లేవదీస్తే, ఒక్క సెనేటర్ సంతకం కూడా లేదు కాబట్టి నియమాలు ఒప్పుకోవని ఒక్కొక్కటే తోసిపుచ్చి, తన ఓటమిని తన నోటితో ప్రకటించారు.

గోర్ మాట్లాడిన గంటకి బుష్ మాట్లాడారు, ఆస్టిన్‌లో, టెక్సస్ దిగువ సభ హాల్లో. ఆ చోటు ఎంచుకోవడంలో ఒక ఆలోచన ఉంది. ఆ సభలో అప్పుడు డెమొక్రాట్లది మెజారిటీ, ఆయన్ని పరిచయం చేసిన స్పీకర్ పీట్ లేనీ కూడా డెమొక్రాటే. నన్ను ఒక పార్టీకి సేవ చెయ్యడానికి ఎన్నుకోలేదు, ఒక దేశానికి సేవ చెయ్యడానికి ఎన్నుకున్నారు అన్నారు బుష్. నాకు ఓటేసినా వెయ్యకపోయినా మీ మేలు కోసం పనిచేస్తాను, మీ గౌరవం సంపాదించుకోవడానికి పనిచేస్తాను అని కూడా అన్నారు. "సంపాదించుకుంటాను" అంటే ఇప్పుడు నా దగ్గర లేదు అని ఒప్పుకోవడమే కదా, తక్కువ ఓట్లు వచ్చి గెలిచిన మనిషి అలా ఒప్పుకోవడం సరైన పని. చెప్పినదాంట్లో కొంత చేశారు కూడా, డెమొక్రాట్ అయిన నార్మన్ మినెటాని రవాణా మంత్రిగా తీసుకున్నారు, విద్యా చట్టాన్ని టెడ్ కెనెడీ లాంటి డెమొక్రాట్లతో కలిసి తెచ్చారు.

నాలుగేళ్ళ తర్వాత అదే బుష్ ఈసారి 30 లక్షల ఓట్ల తేడాతో గెలిచారు. 2004 నవంబర్ 3న జాన్ కెర్రీ ఓటమి ఒప్పుకున్నాక చేసిన ప్రసంగంలో కెర్రీ ఓటర్లని ఉద్దేశించి మళ్ళీ అవే మంచి మాటలు: మీ మద్దతు నాకు కావాలి, దాన్ని సంపాదించుకోవడానికి కష్టపడతాను. సరిగ్గా మర్నాడు ప్రెస్ మీట్. అక్కడ, ఈ ఎన్నికల్లో నేను రాజకీయ పెట్టుబడి సంపాదించాను, ఇప్పుడు దాన్ని ఖర్చు పెట్టబోతున్నాను అన్నారు. ఒక్క రోజులో! నిన్న సంపాదించాల్సింది ఇవాళ జేబులో ఉన్నదైపోయింది. ఆ పెట్టుబడితో ఆయన మొదలుపెట్టింది పెన్షన్ వ్యవస్థలో కొంత భాగాన్ని ప్రైవేటు ఖాతాల్లోకి మార్చే పథకం, 2005 అంతా దేశం తిరిగి ప్రచారం చేశారు, సొంత పార్టీ చేతిలో ఉన్న కాంగ్రెస్‌లో అది ఓటింగ్ దాకా కూడా రాలేదు. ఓటు అంటే ఖర్చు పెట్టుకొమ్మని ఇచ్చిన డబ్బు కాదు, ఊరెళ్తూ ఇల్లు చూసుకొమ్మని పక్కింటివాళ్ళకి ఇచ్చిన తాళంచెవి లాంటిది, ఇంట్లో గోడలు పగలగొట్టి మార్చుకోవచ్చని దాని అర్థం కాదు. బుష్‌ని ఎన్నుకున్నవాళ్ళలో చాలామంది యుద్ధం గురించో భద్రత గురించో ఓటేశారు, పెన్షన్ మార్చమని కాదు. ఒక్క ఓటులో ఇరవై విషయాలు కలిసి ఉంటాయి, దాన్ని విడదీసి చదివే యంత్రం ఎవరి దగ్గరా లేదు.

అందుకే విజయ ప్రసంగాల్లో "ప్రజలు మాకు స్పష్టమైన తీర్పు ఇచ్చారు", "బలమైన మ్యాండేట్ ఇచ్చారు" అనే మాటల్ని నేను అనుమానంగా చూస్తాను. 2024 నవంబర్ 6 తెల్లవారుజామున ఫ్లోరిడాలో ట్రంప్ అన్నారు, అమెరికా మాకు మునుపెన్నడూ లేనంత బలమైన మ్యాండేట్ ఇచ్చిందని. లెక్కలన్నీ తేలాక ఆయనకి వచ్చింది 49.8 శాతం, కమలా హారిస్‌కి 48.3 శాతం. గెలుపు గెలుపే, అందులో సందేహం లేదు, ఎటైనా మొగ్గగల స్వింగ్ రాష్ట్రాలు ఏడూ ఆయనవే. కానీ నూటికి యాభై మంది వేరేవాళ్ళకి ఓటేసిన చోట "మునుపెన్నడూ లేని" అన్న మాట దేన్ని కొలిచి అన్నారు? ఆ మాట ఆ యాభై మందిని లెక్కలోంచి తీసేస్తుంది. ఇది ఒక్క పార్టీ రోగం అనుకోవద్దు. గ్రాంట్ పార్క్‌లో అంత వినయంగా మాట్లాడిన ఒబామా, ప్రమాణ స్వీకారం చేసిన మూడు రోజులకి, ఆర్థిక ప్యాకేజీ మీద రిపబ్లికన్ నాయకులతో కూర్చున్నప్పుడు పన్నుల దగ్గర వాదన వస్తే "నేను గెలిచాను" అన్నారని అప్పట్లో అన్ని పత్రికలూ రాశాయి. వారం తిరక్కుండా ఆ ప్యాకేజీకి ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడలేదు. ఆయన ఆ మాట అనకపోయినా పడేవి కావేమో, వాళ్ళూ ముందే గట్టిగా నిర్ణయించుకుని ఉన్నారు, సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ అయితే 2010లో ఒబామాని ఒక్క టర్మ్‌కే పరిమితం చెయ్యడం మా అతి ముఖ్యమైన లక్ష్యం అని బాహాటంగానే అన్నారు. అయినా నాకు ఆ "నేను గెలిచాను" గుచ్చుకుంటుంది, ఎందుకంటే "కలవనప్పుడు వింటాను" అన్న మాటకి పరీక్ష వచ్చిన మొదటి గదిలోనే అది వచ్చింది.

ఐక్యత అడిగితే తప్పేమిటి, దేశం చీలిపోయి ఉన్నప్పుడు నాయకుడు కలపకపోతే ఎవరు కలుపుతారు అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. కానీ కలపడం అంటే ఏమిటో కొంచెం తేల్చుకోవాలి. ఒకరినొకరు శత్రువుల్లా చూడటం మానండి అంటే నేనూ చేతులు జోడిస్తాను. లింకన్ 1861లో అంతర్యుద్ధం ముంగిట నిలబడి అన్నది అదే, మనం శత్రువులం కాదు, మిత్రులం అని, ఒబామా 2008లో ఆ మాటే ఎత్తుకున్నారు. కానీ చాలా ప్రసంగాల్లో ఐక్యత అనే మాట అక్కడ ఆగదు. నెమ్మదిగా అది "ఇక విమర్శ చాలు" అనే అర్థంలోకి జారుతుంది, ఆర్నెల్లు పోయాక విమర్శించినవాడు దేశాన్ని చీల్చేవాడైపోతాడు. ప్రతిపక్షం తన పని తాను చేస్తుంటే "దేశం అభివృద్ధికి అడ్డం" అనే మాట ఎన్ని దేశాల్లో వింటున్నాం! ఆ మాటకి విత్తనం చాలాసార్లు గెలిచిన రాత్రి ప్రసంగంలోనే పడుతుంది.

దీనికి నాకు దొరికిన మంచి జవాబు చాలా పాతది. 1800 ఎన్నిక అమెరికాలో పరమ నీచంగా జరిగిన ఎన్నికల్లో ఒకటి. థామస్ జెఫర్సన్‌కీ, ఆయన రిపబ్లికన్ పార్టీవాడే (ఇప్పటి రిపబ్లికన్ పార్టీ కాదు) అయిన ఆరన్ బర్‌కీ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు వచ్చి, ప్రతినిధుల సభ 36 సార్లు ఓటేస్తే గానీ తేలలేదు. ఓడిపోయిన అధ్యక్షుడు, ఫెడరలిస్ట్ పార్టీకి చెందిన జాన్ ఆడమ్స్ ప్రమాణ స్వీకారానికి ఉండకుండా తెల్లవారుజామునే ఊరు విడిచి వెళ్ళిపోయాడు. 1801 మార్చి 4న జెఫర్సన్ దేశంతో మొదటిసారి మాట్లాడుతూ "మనమంతా రిపబ్లికన్లమే, మనమంతా ఫెడరలిస్టులమే" అన్నాడని చరిత్ర పుస్తకాలు చెప్తాయి. ఆ వాక్యం కన్నా దాని చుట్టూ ఉన్నవి గట్టివి. మెజారిటీ మాటే చెల్లాలి, కానీ అది న్యాయంగా ఉండాలంటే సహేతుకంగా ఉండాలి, మైనారిటీకి సమాన హక్కులున్నాయి, వాటిని కాలరాయడం అణచివేత అన్నాడు. అక్కడితో ఆగలేదు, ఈ యూనియన్‌నే, అంటే రాష్ట్రాల కూటమినే, రద్దు చెయ్యాలనుకునేవాళ్ళు ఎవరైనా మనలో ఉంటే వాళ్ళని కూడా కదపకండి, అలాగే నిలబడనివ్వండి అన్నాడు, వాదించే స్వేచ్ఛ తర్కానికి ఉన్నచోట తప్పు అభిప్రాయాన్ని భరించినా ప్రమాదం లేదనడానికి వాళ్ళే నిదర్శనంగా ఉంటారని. బానిసల్ని పెట్టుకున్న మనిషి హక్కుల గురించి మాట్లాడటం ఎంత ఘోరమో నాకు తెలుసు, ఆ మైనారిటీలో ఆయన ఎవరెవరిని లెక్కపెట్టలేదో కూడా తెలుసు. అయినా గెలిచినవాడు ఓడినవాళ్ళకి ఇవ్వాల్సిన హామీ ఏమిటన్నది ఆ వాక్యంలో ఉంది. 2000లో బుష్ ఆస్టిన్‌లో జెఫర్సన్ గెలుపుని గుర్తుచేశారు, కానీ ఈ వాక్యం దాకా రాలేదు.

ఇక మండేలా. 1994 మే 2, జోహానెస్‌బర్గ్‌లో కార్ల్‌టన్ హోటల్. ఓట్ల లెక్కింపు ఇంకా పూర్తి కాలేదు, కానీ ఆ రోజే అప్పటి అధ్యక్షుడు డి క్లర్క్ ఓటమి ఒప్పుకున్నారు, దక్షిణాఫ్రికాలో అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది పార్లమెంటు కాబట్టి మండేలా పదవిలోకి రావడానికి ఇంకో వారం ఉంది. ఆయనకి ఆ రోజు బాగా జలుబు, గొంతు పోయింది, ఎక్కువ మాట్లాడొద్దని డాక్టర్ చెప్పాడని, మాట వినలేదని ఆయనకి చెప్పకండని నవ్విస్తూ మొదలుపెట్టారు. 27 ఏళ్ళు జైల్లో పెట్టిన ప్రభుత్వానికి ఆఖరి అధ్యక్షుణ్ణి ఆ వేదిక మీద నుంచి అభినందించారు. ఎలా అభినందించారో చూడండి: నాలుగేళ్ళుగా కలిసి పనిచేశాం, పోట్లాడుకున్నాం, సున్నితమైన సమస్యలు మాట్లాడుకున్నాం, వేడి వేడి వాదనలయ్యాక చేతులు కలిపి కాఫీ తాగగలిగాం అన్నారు. పోట్లాటని దాచలేదు. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత కోపం ఉండేదో ఆ చర్చలు చూసినవాళ్ళందరికీ తెలుసు, ఆయన ఆ రాత్రి "మా మధ్య ఎప్పుడూ మంచి స్నేహమే" అని ఉంటే ఒక్కడు నమ్మేవాడు కాదు. పోట్లాడుకుంటూనే కలిసి దేశం నడపొచ్చు అని చెప్పారు కాబట్టే ఓడిన తెల్లవాళ్ళకి కొంతైనా భయం తగ్గి ఉంటుంది.

నాకు అంతకన్నా పెద్దదనిపించేది తర్వాత జరిగింది. మండేలా పార్టీ ఏఎన్‌సీకి 62.65 శాతం ఓట్లు, 400 సీట్లలో 252 వచ్చాయి. మూడింట రెండు వంతులు దాటి ఉంటే కొత్త రాజ్యాంగాన్ని ఎవరినీ అడక్కుండా ఒక్కళ్ళే రాసుకోవచ్చు. కొంచెంలో తప్పిపోయింది, పార్టీలో చాలామంది బాధపడ్డారు. మండేలా మాత్రం, నాకు ఊరటగా అనిపించింది అని తన ఆత్మకథలో రాసుకున్నారు, ఎందుకంటే రెండు వంతులు వచ్చి ఉంటే అది ఏఎన్‌సీ రాజ్యాంగం అనేవాళ్ళు, దక్షిణాఫ్రికా రాజ్యాంగం అనేవాళ్ళు కాదు అని. ఇంకో 15 సీట్లు రాలేదని ఊరట పడిన విజేతని ఇంకొకర్ని చూపించండి. తన అధికారానికి హద్దు ఉండటం తనకే మంచిదని నమ్మిన మనిషి ఆయన, ఆ నమ్మకం ఉంది కాబట్టి ఆ రాత్రి మాటలు అంత సహజంగా వచ్చాయి. రాసిచ్చిన వినయం ఎక్కడో ఒకచోట దొరికిపోతుంది.

ఫ్రాన్స్ సంగతి క్లుప్తంగా. 2022 ఏప్రిల్ 24 రాత్రి ఈఫిల్ టవర్ దగ్గర, రెండోసారి అధ్యక్షుడిగా గెలిచిన మాక్రాన్ అన్న ఒక మాట చాలా నిజాయితీ అయినది: మీలో చాలామంది నా ఆలోచనలు నచ్చి నాకు ఓటెయ్యలేదు, తీవ్ర రైట్ వింగ్‌ని ఆపడానికి వేశారు, ఆ ఓటు రాబోయే ఏళ్ళలో నన్ను కట్టిపడేస్తుందని నాకు తెలుసు అన్నారు. ఏ విజేతా తనంతట తాను చెప్పడానికి ఇష్టపడని సంగతి అది. ఏడాది తిరక్కుండా 2023 మార్చిలో రిటైర్మెంట్ వయసు 62 నుంచి 64కి పెంచే బిల్లుని, దిగువ సభలో ఓట్లు చాలవని తేలడంతో, రాజ్యాంగంలోని 49.3 అధికరణం వాడి ఓటింగ్ లేకుండా నెగ్గించుకున్నారు. చట్టప్రకారం తప్పేమీ లేదు, పెన్షన్ల సంస్కరణ చేస్తానని ప్రచారంలో చెప్పిన మాటా నిజమే. కానీ లక్షల మంది వీధుల్లోకి వచ్చినప్పుడు వాళ్ళ చేతిలో ఆయన ఇచ్చిన మాటే ఆయుధమైంది. నా దృష్టిలో ఆ మాట వృథా పోలేదు. చెప్పి ఉండకపోతే, నువ్వు మాటిచ్చావు కదా అని నిలదీసే హక్కు కూడా ఉండేది కాదు.

"ఇవన్నీ ఎవరో రాసిచ్చే మాటలు, ఆ రాత్రికి అయిపోతాయి, వీటి మీద ఇంత ఆలోచన దేనికి" అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకి నా జవాబు అదే. రాసినవాళ్ళు ఎవరైనా, కోట్ల మంది ముందు పలికింది గెలిచిన మనిషి. ప్రచారంలో చెప్పేవి తన వాళ్ళకి చెప్పేవి, ప్రమాణ స్వీకారం రాజ్యాంగానికి చేసేది. తనకి ఓటెయ్యని పౌరులతో ఒక అధ్యక్షుడు మొదటిసారి నేరుగా మాట్లాడేది ఈ ప్రసంగంలోనే, వాళ్ళు ఆ రోజు భయంతోనో కోపంతోనో టీవీ ముందు కూర్చుని ఉంటారు, చాలామంది కట్టేసి వెళ్ళిపోయి కూడా ఉంటారు. అప్పుడు చెప్పిన మాటకి ఉన్న విలువ తర్వాత ఎన్ని ప్రసంగాలు చేసినా రాదు.

ఇంకో సంగతి, వాగ్దానం ఎంత చిన్నదైతే అంత మేలు. 2012 నవంబర్‌లో రెండోసారి గెలిచిన రాత్రి ఒబామా ఓటర్లకి థాంక్స్ చెప్తూ, మొదటిసారి ఓటేసినవాళ్ళకీ, చాలాసేపు లైన్లో నిలబడి ఓటేసినవాళ్ళకీ అని, "అన్నట్టు, అది మనం సరిచెయ్యాలి" అని ఒక మాట వదిలారు. ఆ ఎన్నికల్లో ఫ్లోరిడా లాంటి చోట్ల జనం గంటల తరబడి లైన్లలో నిలబడ్డారు. ఆ మాట గాలికి పోలేదు. 2013 మార్చిలో ఒక కమిషన్ వేశారు, దానికి ఇద్దరు అధ్యక్షులు: ఒకరు ఒబామా ప్రచారానికి లాయరుగా పనిచేసిన బాబ్ బాయర్, ఇంకొకరు ఆయన చేతిలో ఓడిపోయిన మిట్ రోమ్నీ ప్రచారానికి లాయరుగా పనిచేసిన బెన్ గిన్స్‌బర్గ్. కొన్ని నెలల ముందు వరకు ఒకరి మీద ఒకరు కేసులకి సిద్ధంగా కూర్చున్న ఇద్దరు మనుషులు కలిసి దేశం తిరిగి ఎన్నికల అధికారులతో మాట్లాడి, 2014 జనవరిలో రిపోర్ట్ ఇచ్చారు. ఏ ఓటరూ అరగంట కన్నా ఎక్కువ సేపు లైన్లో నిలబడే పరిస్థితి ఉండకూడదు అని అందులో రాశారు. ఎన్నికలు నడిపేది రాష్ట్రాలు, కౌంటీలు కాబట్టి అది సిఫార్సు మాత్రమే, అన్నిచోట్లా అమలు కాలేదు, ఇప్పటికీ కొన్నిచోట్ల లైన్లు పెద్దవే. కానీ అరగంట అని ఒక కొలత వచ్చింది, లైన్లో నిలబడ్డ మనిషి ఎవరికి ఓటెయ్యడానికి వచ్చినా, ఆ కొలత చూపించి స్థానిక అధికారిని ఇదేమిటని అడగొచ్చు.